చివరి పాటకి మైకు ఆపకండి

మైకు ముందు నోరు జారి చెడినవాళ్ళు లోకంలో బోలెడుమంది. మైకు వెనకాల కూర్చుని చెడినవాణ్ణి మాత్రం బహుశా నేనొక్కణ్ణే.

మా హాలు చిన్నది. వెనక సగానికి రేకుల కప్పు. వానొస్తే ఆ రేకులు పాడేవాళ్ళతో పోటీకి దిగుతాయి. అక్కడ సౌండ్ చూసేది నేను. నా అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరూ "చెవులు" అనే పిలుస్తారు. నా చెవులు కాస్త పెద్దవి, అదొక కారణం. వెనక వరసలో ఎవరి కుర్చీ కిర్రుమన్నా ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది, అది రెండోది.

నా బల్ల మీద ఒక బుల్లి మైకు ఉంటుంది. టాక్‌బ్యాక్ అంటాం. బటన్ నొక్కి అందులో మాట్లాడితే హాల్లో ఎవరికీ వినపడదు. స్టేజి మీద పాడేవాళ్ళ కాళ్ళ దగ్గర చిన్న స్పీకర్ ఉంటుంది చూశారూ, అందులో మాత్రమే వినపడుతుంది. "కొంచెం ముందుకి జరగండి", "గిటార్ ఇంకోసారి వాయించండి" అని చెప్పుకోడానికన్నమాట. చెప్పడం అయ్యాక బటన్ మళ్ళీ నొక్కి ఆపెయ్యాలి. ఆపకపోతే దాని మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది, మన గుట్టు స్టేజి మీదికి వెళ్తూనే ఉంటుంది.

ఆ రోజు నేను ఆపలేదు.

వరసగా మూడు శనివారాలు ఒకమ్మాయి కచేరీ అని చెప్పారు. బ్యాండు లేదు, డ్రమ్ములు లేవు. తనే రాసుకుని, తనే కట్టుకుని, గిటార్ మీద తనే పాడుకుంటుందట. ఇలాంటివాళ్ళు వస్తే నాకు పండగే, వైర్లు తక్కువ. మొదటి రిహార్సల్‌కి వానలో వచ్చింది. గొడుగు గిటార్ పెట్టెకి పట్టి, తను మాత్రం నిలువునా తడిసి ఉంది. ఏమీ జరగనట్టు జుట్టు పిండుకుని, స్టూలెక్కి కూర్చుని, తీగలు సరిచేసుకుంది. ఆ గొడుగు సంగతి చూసి నాకు లోపలెక్కడో చిన్నగా కలుక్కుమంది. పని మీదే ధ్యాస పెట్టుకున్నాను.

ఆమె వెనకాలే వేణ్ణీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని వాళ్ళన్నయ్య. స్కూల్లో లెక్కల మాస్టారు. సెలవు రోజుల్లో చెల్లెలి కారు తోలేదీ, పోస్టర్లు అంటించేదీ, గేటు దగ్గర టికెట్లు చింపేదీ ఆయనే. పోస్టర్ మీద పెద్దక్షరాలతో "రుమాలు తెచ్చుకోండి" అని రాయించింది కూడా ఆయనేనట. ఆమె దగ్గర ఒక ఏడుపు పాట ఉంది, జనం దానికోసమే వస్తారు.

ఆ పాటే అందుకుంది. నేను టాక్‌బ్యాక్‌లో "మైకుకి ఇంకొంచెం దగ్గరగా" అని చెప్పి, వింటూ కూర్చున్నాను. మా లైట్ల బాబాయ్ పక్కకొచ్చి ఎలా ఉందిరా అని అడిగాడు.

"గొంతు బంగారం బాబాయ్," అన్నాను. "మొదటి చరణానికి నాకే గుండె జారిపోయింది. రెండో చరణం మాత్రం దొంగ ఏడుపు."

పాట ఆగిపోయింది. ఆమె వంగి, కాళ్ళ దగ్గరున్న స్పీకర్ వైపు ఒకసారి చూసింది. తర్వాత తాపీగా మైకులోకి అడిగింది.

"ఎవరిది దొంగ ఏడుపు?"

హాల్లోని నా పెద్ద స్పీకర్లన్నీ కలిసి నన్నే నిలదీశాయి. బాబాయ్ గబగబా నిచ్చెనెక్కేశాడు. అక్కడ మార్చాల్సిన బల్బు ఒక్కటీ లేదు.

ఆమె స్టేజి దిగి నా బల్ల దాకా నడిచి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఆ మాటన్నది మీరేనా అంది. నేనే, తప్పయిపోయిందన్నాను.

"అన్నందుకు తప్పా, వినపడినందుకు తప్పా?"

అబద్ధం చెబుదామనే అనుకున్నాను. నోరు సహకరించలేదు.

"వినపడినందుకు."

ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, వాళ్ళన్నయ్య ఎక్కడున్నాడో చూసుకుని, గొంతు తగ్గించింది.

"ఆ చరణం రాసింది మా అన్నయ్య. గట్టిగా అనకండి, చాలా బాధపడతాడు."

ఆ తర్వాత ఫ్లాస్కు మూతలో వేణ్ణీళ్ళు తాగుతూ సంగతంతా చెప్పింది. ఒకప్పుడు ఎవరో మనసు విరిచి వెళ్ళిపోతే ఆ ఏడుపులో ఒక చరణం రాసుకుందట. రెండోది రాసేలోపే ఏడుపు తగ్గిపోయింది. ఒక్క చరణంతో పాటేమిటని అన్నయ్య రాత్రంతా కూర్చుని రెండోది రాసిచ్చాడు. ఆయన జన్మలో రాసిన కవిత్వం అదొక్కటే. జనం సరిగ్గా అక్కడే కళ్ళు తుడుచుకుంటారు. ఆయన గేటు దగ్గర నిలబడి వాళ్ళని చూసి మురిసిపోతాడు. ఆ పాట మానేస్తానని ఏ మొహంతో చెప్పడం అంది. తనకి మాత్రం అది పాడుతుంటే, ఎప్పుడో తగ్గిపోయిన జ్వరానికి ఇంకా మందు మింగుతున్నట్టుందట.

వినడం నా ఉద్యోగం. మాట్లాడటం నాకు చేతకాదని అప్పుడే రుజువైంది కదా.

మొదటి శనివారం కచేరీ బాగా జరిగింది. ఆమెకొక అలవాటుంది. చివరి పాటకి మైకు వదిలేసి స్టేజి అంచుకొచ్చి కూర్చుంటుంది. అప్పుడు నేను నా బల్ల మీద మీటలన్నీ కిందికి దించెయ్యాలి. స్పీకర్లు నిద్రపోతాయి. హాలంతటికీ ఆమె గొంతొక్కటే మిగులుతుంది, జనం ఊపిరి బిగబట్టి వింటారు. అదే ఆ ఏడుపు పాట. అంతసేపూ నాకు పనుండదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆమె పాటలో నేను అక్కర్లేని భాగం అదొక్కటేనని ఎందుకో దిగులేసింది.

ఆ వారమంతా ఆమె రిహార్సల్‌కి ముందే రావడం మొదలుపెట్టింది. నేను అంతకన్నా ముందే రావడం మొదలుపెట్టాను. నన్ను "సౌండ్ గారూ" అని పిలిచేది. గారు ఎందుకండీ, అందరూ చెవులంటారంటే, మనిషిని ముక్కలు చేసి పిలవడం తనకి ఇష్టం లేదంది. అంత పెద్ద మాట అనేసి, వెంటనే "అయినా పెద్దవే" అని నా చెవుల వైపు చూసి నవ్వింది. బాబాయ్ ఆ రోజంతా ఆ మాట పట్టుకుని నన్ను ఏడిపించుకు తిన్నాడు.

అప్పుడే కొత్త పాట వినిపించింది. ఏడుపు లేదు అందులో. నిమ్మళంగా ఉంది.

"వాన వెలిసిన వీధిలోన
నీ గుమ్మం ముందు ఆగినాను
తట్టబోయిన చెయ్యి ఇంకా
తట్టనా అని అడుగుతోంది."

అక్కడితో ఆగిపోయి, ఊరికే హమ్ చేసింది. రెండో చరణం రాలేదట. తలుపు లోపలున్న మనిషి ఏమంటాడో తనకే తెలీదు. ఎన్నిసార్లు రాసినా ఎవరో సినిమావాడు మాట్లాడినట్టే ఉంటోందట. ఇంకో చిక్కు కూడా ఉంది. అన్నయ్య అప్పుడే రెండో చరణం రాసి సిద్ధంగా పెట్టాడు. ఆయన చరణంలో తలుపు తెరుచుకోదు. తాళంచెవి సముద్రంలో పడిపోతుంది. తలుపు తెరుచుకుంటే ఇక పాటెక్కడుంటుందని ఆయన నమ్మకం.

"మూడో శనివారం దాకా గడువడిగాను," అంది. "ఈలోగా నాది వస్తే ఈ పాటే చివరి పాట. రాకపోతే అన్నయ్యది అతికించుకుని, దీన్ని కూడా ఏడుపు పాట చేసేసుకోవడమే."

నవ్వుతూనే అంది గానీ, ఆ గొంతులో నవ్వు లేదని నా చెవులకి తెలుసు. మూడో శనివారం మర్నాడే వాళ్ళు వేరే ఊరికి వెళ్ళిపోతారని కూడా నాకు తెలుసు. నేను చెప్పాల్సిన మాట ఒకటి నాలో అప్పటికే తయారై కూర్చుంది. రోజూ గొంతు దాకా వచ్చి, "గిటార్ ఇంకోసారి" అని మారిపోయి బయటికొచ్చేది.

రెండో కచేరీలో ఆమె నీలం గౌను చెయ్యి కుట్టు చిట్లింది. తీగలు మీటే కుడి చెయ్యి మరీ బిగుతు. మా అమ్మ టైలరు, ఇంటి ముందు గదిలోనే మిషన్. మరి నోరూరుకోదు కదా, మా అమ్మ కుట్టి పెడుతుంది ఇవ్వండని అనేశాను.

ఆడపిల్ల గౌను పట్టుకుని నేను ఇంట్లో అడుగుపెడితే మా అమ్మ మిషన్ ఆపింది. అది అంత తేలిగ్గా ఆగే మిషన్ కాదు. విషయం చెబితే, కొలతలు లేకుండా ఎలా కుట్టమంటావని అడిగింది. భుజం ఇంత, మోచెయ్యి దగ్గర ఇంత, మీటేటప్పుడు చెయ్యి ఇలా తిరుగుతుంది అని గాలిలో చేతులతో చూపించాను. అమ్మ కళ్ళద్దాల మీంచి నన్నే చూసింది.

"నీ చొక్కా సైజు చెప్పు," అంది.

నాకు తెలీదు. అమ్మ ఇంకేమీ అడగకుండా కుట్టు విప్పడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక, అసలా కచేరీలో ఏముంటుందని అడిగింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. నేను వైర్లు చుట్టే పని చేస్తానని మాత్రమే ఆమెకు తెలుసు. నేను చెప్పాను. ఒకమ్మాయి, ఒక గిటారు, ఒక స్టూలు. పొగలూ డాన్సులూ ఉండవు. పాటకీ పాటకీ మధ్య కబుర్లు చెబుతుంది, నవ్విస్తుంది. ఎప్పుడు నవ్వడం ఆపామో తెలీకుండా ఏడిపిస్తుంది. చివరి పాటకి మైకుండదు, అప్పుడు దగ్గకూడదు.

"ఏడవడానికి టికెట్టు కొనడమెందుకురా, ఇంట్లో ఉల్లిపాయల్లేవా?" అంది అమ్మ. మళ్ళీ తనే, మూడో శనివారం వస్తానంది. కచేరీ కోసం కాదట, చెయ్యి ఎలా కుదిరిందో చూద్దామనట.

నేను పనికి బయల్దేరితే అమ్మ తలెత్తకుండా ఒకే మాట అంటుంది. "నిదానంగా రా. గడియ వెయ్యను." బళ్ళోకి పంపినప్పుడూ అదే, పరీక్షకి పంపినప్పుడూ అదే. చిన్నప్పుడు అలిగి ఇల్లొదిలి పోతున్నానంటే కూడా అదే అంది. నేను వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చేశాను. ఇంట్లో ఇంకెన్ని మాటలున్నా, నాకు ఇల్లంటే ఆ మాటే.

మూడో శనివారం వచ్చింది. వాన పొద్దున్నే వెలిసింది, రేకులు బుద్ధిగా ఉన్నాయి. అమ్మని రెండో వరసలో కూర్చోబెట్టాను. అంతకుముందు రిహార్సల్‌లో ఆ అమ్మాయి మొహం చూడగానే రెండో చరణం రాలేదని అర్థమైంది. ఫర్వాలేదులెండి, అన్నయ్యది కూడా మరీ అంత ఘోరంగా లేదంది. వాళ్ళన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, చరణం రాసిన కాయితం జేబులోంచి తీసి చూసుకుంటూ, లోపల పెట్టుకుంటూ తిరుగుతున్నాడు. ఆయన్ని చూస్తే జాలేసింది. ఆమెను చూస్తే ఇంకా ఎక్కువ జాలేసింది. ఏదన్నా చెబుదామని బల్ల దగ్గర తచ్చాడాను. "కాళ్ళ దగ్గర స్పీకర్లో సౌండ్ సరిపోతుందా?" అని మాత్రం అడగగలిగాను. సరిపోతుందంది.

కచేరీ సాగింది. ఆమె కబుర్లు చెప్పింది, జనం నవ్వారు. నీలం గౌను చెయ్యి ఎక్కడా పట్టెయ్యలేదు. రెండో వరసలో మా అమ్మ పాట వింటున్నట్టు లేదు, ఆ చేతినే చూస్తోంది. చివరి పాట వేళయింది. అలవాటు ప్రకారం ఆమె అంచుకి వస్తుందని నేను మీటల మీద చేతులు పెట్టాను. జనం రుమాళ్ళు తీశారు.

ఆమె స్టూలు మీంచి లేవలేదు.

"ఈ రోజు చివరి పాట మైకులోనే పాడతాను," అంది. "సౌండ్ గారూ, ఆపకండి. మీరు కూడా ఉండండి."

నా చేతులు మీటల మీదే ఉండిపోయాయి. మొదటి చరణం పాడింది. వాన వెలిసిన వీధి, గుమ్మం, తట్టబోయి ఆగిన చెయ్యి. ఇన్నిసార్లు విన్నా నాకు కొత్తగానే ఉంది. రెండో చరణం దగ్గరికొచ్చేసరికి గిటార్ మాత్రం మోగుతోంది, గొంతు రాలేదు. అదే వరసని మళ్ళీ తిప్పింది. ఇంకోసారి తిప్పింది. స్టేజి పక్కన వాళ్ళన్నయ్య జేబులోంచి కాయితం తీసి చూపిస్తున్నాడు. ఆమె అటు చూడలేదు. హాలంతా దాటి, చీకట్లో ఉన్న నా బల్ల వైపే చూస్తోంది.

మర్చిపోయింది, భయపడుతోంది అనుకున్నాను. నా వేలు దానంతటదే టాక్‌బ్యాక్ నొక్కింది. ఏం చెప్పాలో తెలీలేదు. ధైర్యం చెప్పాలనుకున్నాను, పాట మాటలు నాకేం వచ్చు? నాకు వచ్చిన మాట ఒక్కటే.

"నిదానంగా రండి," అన్నాను. "గడియ వెయ్యను."

ఆమె కళ్ళు మూసుకుంది. గిటార్ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకుంది.

"నిదానంగా రా... గడియ వెయ్యను..."

అదే మాట. మొదటిసారి తలుపు బయట నిలబడి విన్నట్టు పాడింది. రెండోసారి తలుపు లోపల నిలబడి అన్నట్టు పాడింది. మూడోసారి ఎక్కడ నిలబడి పాడిందో నాకు తెలీదు, నాకు కళ్ళు కనపడటంలేదు. జనం రుమాళ్ళు చేతుల్లో అలాగే ఉన్నాయి. ఎవరూ ఏడవలేదు. అందరూ ఎవరి ఇంటికో వెళ్ళాలని గుర్తొచ్చినవాళ్ళలా మెత్తగా కూర్చుండిపోయారు. రెండో వరసలో మా అమ్మ మాత్రం మొదటిసారి గౌను చెయ్యి మీంచి చూపు తీసి, వెనక్కి తిరిగి నన్ను చూసింది.

పాటయ్యాక చాలాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత ఆపలేదు.

హాలు ఖాళీ అయింది. మాస్టారు నేరుగా మా అమ్మ దగ్గరికి వెళ్ళడం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. తీరా ఆయన అడిగింది, ఆ చరణం మీ మాటేనట కదా, లైట్లాయన చెప్పాడు, అని. నేను ఎవరితోనూ అనలేదు. బాబాయే మా ఇంటికి ఎన్నిసార్లు భోజనానికొచ్చాడో, ఆ మాట ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. మాస్టారు జేబులోని కాయితాన్ని మడిచి మడిచి చిన్నది చేశాడు. తనది కాస్త బరువైపోయిందని ఒప్పుకున్నాడు. తాళంచెవిని సముద్రం దాకా తీసుకెళ్ళకుండా ఉండాల్సిందట. తర్వాత ఒక కవి ఇంకో కవిని తీసుకెళ్ళినంత మర్యాదగా, చెల్లెలు పాడే చోటు చూపిస్తానని మా అమ్మని స్టేజి ఎక్కించాడు. మోకాళ్ళ నొప్పని అమ్మ ఆ స్టూలు మీదే కూర్చుంది.

ఆమె ఫ్లాస్కు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. నేను వైరు చుడుతున్నట్టు నటించాను. చేతిలో వైరు లేదు.

"మర్చిపోయారనుకుని..." అన్నాను.

"మర్చిపోలేదు. అడిగాను," అంది. "లోపలున్న మనిషి ఏమంటాడని, మీ వైపు చూసి అడిగాను."

ఇక దాచుకోడానికి నాలో చోటు లేదు.

"ఆ మాట మా అమ్మది," అన్నాను. "కానీ మీతో అన్నది నేనే. ధైర్యం చెప్పడానికి కాదు. మీరంటే నాకిష్టం. గొడుగు గిటార్‌కి పట్టి మీరు తడిసి వచ్చారు చూడండి, అప్పట్నించీ. రేపు మీరు వెళ్ళిపోతారు. ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఎంత ఆలస్యమైనా నేను ఇక్కడే ఉంటాను. తొందరేమీ లేదు."

ఆమె ఫ్లాస్కు మూత తిప్పుతూ, నా కళ్ళలోకి చూడకుండా నా చెవులతో మాట్లాడినట్టు మాట్లాడింది. "నేను తిరిగి రావడానికి ఇప్పటిదాకా ఒక ఊరంటూ లేదు," అంది. "ఇకనుంచి ఉంది."

"ఇంకోటి అడగాలి," అంది. "రెండో చరణం మొదలైనప్పట్నించీ పాటయ్యేదాకా నా కాళ్ళ దగ్గర ఎవరో ముక్కు ఎగపీలుస్తూనే ఉన్నారు. అది దొంగ ఏడుపా, నిజం ఏడుపా?"

నిజం ఏడుపే అని చెప్పబోయి, ఆగాను. ఆమె కాళ్ళ దగ్గర వినపడిందంటే... మెల్లగా తల దించి చూశాను. టాక్‌బ్యాక్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. పాట మధ్యలో నొక్కినదాన్ని నొక్కినట్టే వదిలేశాను.

స్టేజి వైపు చూశాను. స్టూలు మీద మా అమ్మ, పక్కన మాస్టారు, కాస్త వెనకగా బాబాయ్. ముగ్గురూ తలలు వంచి, కాళ్ళ దగ్గరున్న చిన్న స్పీకర్‌నే శ్రద్ధగా వింటున్నారు.

అమ్మ తలెత్తి నన్ను చూసింది. తన ఎదురుగా ఉన్న స్టేజి మైకు కూడా నేను ఆపలేదని ఆమెకి తెలీదు. తెలిసినా ఆగేది కాదు.

"నిదానంగా రమ్మన్నాను గానీ, మరీ ఇంత నిదానమా నాయనా?" అంది. మా అమ్మ గొంతు రేకుల దాకా వెళ్ళి హాలంతా తిరిగొచ్చింది. "అమ్మాయ్, నువ్వు కూడా రా తల్లీ. ఎడమ చెయ్యి కూడా కాస్త వదులు చెయ్యాలి."

తనకేమీ అభ్యంతరం లేదని మాస్టారు పక్కనుంచి మైకులోకి వంగి మరీ చెప్పాడు. బాబాయ్ అవసరం లేకపోయినా లైట్లన్నీ వేసేశాడు.

సిగ్గుతో నా చెవులు ఎర్రబడి ఇంకాస్త పెద్దవై ఉంటాయి. గబగబా బటన్ వైపు చెయ్యి చాపాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆపకండి," అంది.